పూత పూసిన లోహము: కంపశమనమును కొలిచిన కథ

కంచుపాత్రను కొనబోయిన యిల్లాలు దానిని వ్రేలిమెటికతో తట్టి, మ్రోత అణగువఱకు చెవియొగ్గి వినును. మ్రోత నిడుపుగా సాగినచో పాత్ర గట్టిదనియు, నడుమనే బొంగురుపోయినచో ఎచ్చటనో బీట కలదనియు తీర్మానించును. ఆమె పరీక్షించునది మ్రోత యెంత పెద్దదనుట కాదు. ఎంత తొందరగా క్షీణించుచున్నదనుట. ఆ పాత్రకే వెలుపల మైనమో ముద్దచేసిన పిండియో మెత్తినచో దాని నోరు మూతపడును. కంచు మాఱలేదు, దెబ్బ మాఱలేదు. పైపూత మాత్రమే వచ్చినది. ఇంత సామాన్యమైన విషయమునకు అంకె కట్టుటకు, అనగా ఈ పూత యీ లోహపు కంపమును ఇంత వేగముగా అణచునని నమ్మకముగా చెప్పుటకు, పాశ్చాత్య శాస్త్రజ్ఞులకు నూటయఱువది యేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను చదువరుల యెదుట నుంచుట మా యుద్దేశము.

కంపించు లోహ మేదియైనను ప్రతి ఊపునందును కొంత శక్తిని కోల్పోవుచుండును. ఆ శక్తి నశింపదు, వేడిగా మాఱును. కొంత గాలికి పోవును, కొంత లోహమును పట్టియుంచిన ఆధారమునకు పోవును, కొంత లోహముయొక్క అంతర్భాగముననే అణగిపోవును. ఈ క్షయమునే మేమిందు కంపశమనమని వ్యవహరింతుము. ఉక్కు, అల్యూమినియము మొదలగువానియందు స్వభావసిద్ధమైన శమనము మిక్కిలి స్వల్పము. అందుచేతనే గంట మ్రోగును. అందుచేతనే యంత్రపు రేకులు చెవులు చిల్లులు పడునట్లు హోరెత్తును. అందుచేతనే తిరుగుడు యంత్రముల రెక్కలు తమ సహజమైన కంపమునకు సరిపడు తాకిడి తగిలినప్పుడు ఊపు మీద ఊపు పెరిగి, కడకు విఱిగిపోవును. గంటకు గుణమైనది యంత్రమునకు దోషము.

ఈ శమనమును శ్రద్ధగా పరిశీలించిన తొలివారిలో ఫ్రెంచి దేశీయుడగు కూలుమ్ పండితు డొకడు. విద్యుదావేశముల నడుమ గల బలమును కనుగొన్నవాడుగా మన విద్యార్థులకు ఆయన పేరు పరిచితమే. 1784లో ఆయన లోహపుతీగల పురిని గూర్చి యొక వ్యాసమును పారిసు నగరమందలి విజ్ఞాన పరిషత్తునకు సమర్పించెను. సన్నని తీగకు బరువు వ్రేలాడగట్టి, పురి త్రిప్పి విడిచినచో అది అటునిటు తిరుగుచు క్రమముగా నిలిచిపోవును. ఏల నిలిచిపోవును? గాలి యడ్డగించుటచేతనా, తీగయే శక్తిని మ్రింగుటచేతనా? ఇద్దఱు దొంగలలో ఎవడు సొమ్ము తీసెనో తేల్చినట్లు ఆయన యీ ప్రశ్నను విచారించి, గాలి పాలు స్వల్పమనియు, తీగయొక్క సాగుగుణమునందలి లోపమే ముఖ్యకారణమనియు తేల్చెను. ఈ ప్రశ్నయే, వేఱువేఱు వేషములతో, కథ పొడుగునను మనకు ఎదురగుచుండును.

మఱి పదునాఱేండ్లకు, 1800 ప్రాంతమున, ఆయన మఱియొక ప్రయోగము చేసెను. తీగకు లోహపు బిళ్ళను వ్రేలాడగట్టి, నీటియందు ముంచి, అటునిటు తిరుగనిచ్చెను. పిదప ఆ బిళ్ళకు పశువుల కొవ్వు పూసి చూచెను. ఆ కొవ్వు మీద ఇసుకరాతి పొడి చల్లియు చూచెను. ఊపు అణగు వేగమునందు చెప్పదగిన భేదము కనబడలేదు. నీటియొక్క ఒరపిడి బిళ్ళ ఉపరితలముపై నాధారపడదని ఆయన గ్రహించెను. ఆయనకు కావలసినదియు అదియే. కాని మన విషయమునకు ఈ ప్రయోగము వేఱొక విధముగా ఉపకరించుచున్నది. లోహమునకు పూత పూసి, ఊపు క్షీణించుటను లెక్కించినను, పూతవలన ఫలమేమియు కనబడకపోవుటకు కారణమేమి? ఆ బిళ్ళ తిరిగినదే కాని వంగలేదు. వంగని లోహముపై పూత సాగదు. సాగని పూత శక్తిని తినదు. పూతయొక్క ప్రభావమును చూడదలచినవాడు లోహమును వంచి కంపింపజేయవలెను. ఈ సూక్ష్మము అందఱకు బోధపడుటకు ఇంకను నూటయేబది యేండ్లు పట్టినది.

క్షీణతకు ఒక అంకెను నిర్ణయించు మార్గము జర్మనీదేశపు గాటింగెను నగరమునుండి వచ్చినది. 1830వ దశకమున గౌసు, వెబరు అను పండితులిరువురు భూమియొక్క అయస్కాంతశక్తిని కొలుచుటకై పెద్ద అయస్కాంతములను దారములతో వ్రేలాడగట్టి, వాని ఊపులను లెక్కించుచుండిరి. ఊపు అణగువఱకు గంటలకొలది కాచుకొనుట దుర్లభము గనుక, అణగు రీతియందే యొక నియమమును వెదకిరి. ఉదాహరణమునకు మొదటి ఊపు 100 గీతలు, రెండవది 90, మూడవది 81, నాలుగవది 73 అనుకొందము. తగ్గుదల పది, తొమ్మిది, ఎనిమిది అని మాఱుచున్నను, ఒక ఊపునకును మఱుసటి ఊపునకును గల నిష్పత్తి మాఱదు. ఆ నిష్పత్తియొక్క సంవర్గమానమును తీసినచో ఒక్క అంకె వచ్చును. పై యుదాహరణమునందు అది సుమారు 0.105. దీనిని వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తిచే భాగించినచో 0.034 వచ్చును. నేటి యంత్రశాస్త్రజ్ఞులు నష్టగుణకమని చెప్పునది యిదియే. పూత లేని ఉక్కుకు ఈ గుణకము 0.001, తఱచుగా అంతకంటెను తక్కువ. అయస్కాంతమునకై పుట్టిన లెక్క రేకునకును, రెక్కకును, వంతెనకును అక్కఱకు వచ్చినది. శాస్త్రమునందు ఒక ఇంట వెలిగించిన దీపము పొరుగింటికి వెలుగిచ్చుట తఱచు.

1865లో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున విలియం థాంసను పండితుడు, అనగా తరువాత కెల్విను ప్రభువని ప్రసిద్ధిచెందినవాడు, లోహపుతీగల ఊపులను ఇదే విధముగా లెక్కించి ఒక వింతను కనిపెట్టెను. బహుదినములు ఎడతెగక ఊపబడిన తీగ, విశ్రాంతిగా నుంచబడిన తీగకంటె త్వరగా ఊపును కోల్పోవుచుండెను. లోహమునకు సైతము అలసట కలదని ఆయన చెప్పెను. ఈ మాట యెంతయో కవితాత్మకముగా తోచవచ్చును గాని, ఇందలి సారము వేఱు: శమనమనునది రంగు, బరువుల వంటి స్థిరమైన గుణము కాదు, వస్తువు ఎట్టి వాడుకకు లోనైనదో, ఎంతగా ఊగుచున్నదో దానిని బట్టి మాఱునది.

అదే గ్లాస్గో నగరమున, ఇరువదియొక్క యేండ్ల పిదప, 1886లో, థామసు బారు అను చెవివైద్యుడు బాయిలర్లు చేయు పనివారిని నూర్గురిని పరీక్షించెను. ఒక్కనికైనను వినికిడి సరిగా లేదు. బాయిలరు లోపల కూర్చుండి, వెలుపలివాడు కొట్టు రివెట్టును లోపలినుండి అదిమిపట్టువాని అవస్థ యూహింపదగినది. ఇనుపపీపాయి వంటి ఆ గూటిలో ప్రతి సమ్మెటదెబ్బయు అడుగుదూరమున మ్రోగి, అణగకముందే మఱియొక దెబ్బ పడుచుండును. లోహము ఊపును ఎంతసేపు నిలుపుకొనునో సూక్ష్మముగా కొలువగల విద్యయు, ఆ ఊపువలన చెవులు పోగొట్టుకొన్న కూలీలును ఒకే పట్టణమున నుండిరి; వీరికిని దానికిని పరిచయము లేదు. మేము థాంసనును నిందించుట లేదు. ఆయన వెదకినది వేఱు. కాని చెవుడును కమ్మరికిని బాయిలరు పనివానికిని నుదుటివ్రాతగా నెంచిన సంఘమును నిందింపక తప్పదు. వ్యాధిని వృత్తికి ఆభరణముగా తలచునంతవఱకు దానిని తగ్గించు సాధనమునకై ఎవడును వెదకడు.

వెదకుట మొదలైనది కూలీలకొఱకు కాదు, కొనువారికొఱకు. మొదటి మహాసంగ్రామము పిమ్మట మోటారుబండ్లకు చెక్కపనితో కూడిన మైపులు పోయి, పలుచని ఉక్కురేకులతో నాలుగువైపుల మూసిన మైపులు వచ్చినవి. పలుచని రేకు తప్పెటవలె మ్రోగును. తలుపు వేసినప్పుడు డబ్బా మూసినట్లు చప్పుడైన బండిని డబ్బు గలవాడు కొనడు. కావున తారు పట్టించిన బొంతలను, నార కలిపిన తారుపూతలను రేకుల లోపలివైపున అంటించుచువచ్చిరి. ఫలమును నిర్ణయించునది చెవి, చేయి, అలవాటు. మెత్తనిదియు మందమైనదియు ఐనచో చాలునని సామాన్యముగా నమ్ముచుండిరి.

ఈ నమ్మకమును సరిదిద్దినవాడు హెర్మను ఓబెర్స్టు అను జర్మను శబ్దశాస్త్రజ్ఞుడు. 1952లో ఫ్రాంకెన్‌ఫెల్డు అను సహచరునితో కలిసి, పలుచని రేకుల వంపుకంపములను గట్టిగా అంటుకొను పూతలెట్లు అణచునో వివరించుచు ఆయన ఒక వ్యాసమును ప్రకటించెను. సన్నని పొడుగుపాటి లోహపుపట్టీకి ఒకవైపున పూత పూసి, ఒక కొనను గట్టిగా బిగించి, రెండవ కొనను వదలి కంపింపజేయుట ఆయన పద్ధతి. నేటికిని ఆ పట్టీని ఓబెర్స్టు పట్టీయనియే చెప్పుదురు.

ఆయన తేల్చిన సంగతులు రెండు. మొదటిది: పూత మెత్తగా నున్నంతమాత్రమున లాభము లేదు. పట్టీ వంగినప్పుడు పైనున్న పూత సాగును, మఱల కుదించుకొనును. సాగుటకు ఏమాత్రమును ఎదురుచెప్పని పూతయందు శక్తి నిలువనే నిలువదు. నిలువని శక్తిని అది పోగొట్టుట యెట్లు? మిక్కిలి బిఱుసైనదియు పనికిరాదు. అది శక్తిని పుచ్చుకొని మఱల అంతయు తిరిగి యిచ్చివేయును. పూతయొక్క బిగువును, దాని సొంత నష్టగుణకమును గుణించగా వచ్చు ఫలమే ప్రధానము. రెండవది: మందము. సామాన్యముగా వాడుకలో నుండు మందములయందు పూతను రెట్టింపు చేసినచో శమనము రమారమి నాలుగురెట్లగును. మిక్కిలి పలుచని పూతయందు రెట్టింపునకు రెండింతలకంటె కొంచెమే అధికము. కావున రేకు అంతటను పలుచగా పులుముటకంటె, ఎక్కువగా వంగు చోట్లను గుర్తించి అచ్చట మందముగా పూయుట మేలు. ఒకే పీపా పదార్థమునుండి ఒకడు నాలుగువంతుల ఫలము పొందును, ఒకడు ఒకవంతు పొందును. భేదమంతయు తెలివియందు కలదు.

ఇక కొలుచు విధానమును కొంచెము వివరింపవలసియున్నది. ఏలయన ఈ కథయొక్క ప్రాణమంతయు అందే యున్నది. పట్టీ వెడల్పు సుమారు 10 మిల్లీమీటర్లు, వదలిన పొడుగు 180 మొదలు 250 వఱకు, మందము 1 మొదలు 3 వఱకు ఉండును. ముట్టుకొనినచో ఊపు చెడును గనుక, దూరమునుండియే విద్యుదయస్కాంతముతో దానిని ఊపుదురు. మఱియొక సాధనముతో దూరమునుండియే ఊపును గ్రహింతురు. పట్టీ అల్యూమినియముదైనచో అయస్కాంతము దానిని లాగదు. కొనకు చిన్న ఇనుపముక్క నంటింపవలెను. ఆ ముక్క బరువును లెక్కలో చేర్చుకొనవలెను. ఊపు వేగమును మెల్లమెల్లగా పెంచుచు పోగా, పట్టీ తన సహజమైన పౌనఃపున్యమువద్ద ఒక్కసారిగా విజృంభించి ఊగును; దానినే అనునాదమందురు. ఆ శిఖరమునకు ఇరువైపుల, ఊపు శిఖరములో 0.707 వంతునకు తగ్గిన స్థానములను గుర్తించి, ఆ రెంటి నడుమ గల వెడల్పును శిఖరపు పౌనఃపున్యముచే భాగించినచో నష్టగుణకము వచ్చును. సెకనుకు 200 కంపములవద్ద శిఖరముండి, వెడల్పు 4 కంపములైనచో గుణకము 0.02. శమనము హెచ్చినకొలది శిఖరము మొద్దుబాఱి వెడల్పగును.

అయితే ఇట్లు వచ్చినది పూతయొక్క గుణకము కాదు. పూతయు పట్టీయు కలిసిన జంటయొక్క గుణకము. పూతను విడదీసి కంపింపజేయుట సాధ్యము కాదు. కనుక ముందు పూత లేని పట్టీని కొలిచి, తరువాత పూత గల పట్టీని కొలిచి, రెంటి భేదమునుండి పూతయొక్క పాలును రాబట్టవలెను. ఆపద అంతయు ఈ తీసివేతయందే పొంచియున్నది. బిగువును లెక్కించునప్పుడు, పౌనఃపున్యముల నిష్పత్తినుండియు సాంద్రత, మందములనుండియు వచ్చిన ఒక అంకెలోనుండి 1ని తీసివేయవలసియుండును. ఆ యంకె 1.02 అనుకొందము, కొలతలో 0.01 పొరపాటు అనుకొందము. నూటికి ఒకటి పొరపాటని మనము సంతోషింపవచ్చును. కాని 1 తీసివేయగా మిగిలినది 0.02, పొరపాటు 0.01. ఫలములో సగము పొరపాటే! పూత పలుచనైనకొలది, మెత్తనైనకొలది ఈ యిబ్బంది ముదురును.

బిగింపు మఱియొక దొంగ. పట్టీ మొదలును పట్టియుంచిన బిగింపు కొంచెము వదులైనను అచ్చట లోహము లోహముతో ఒరసి శక్తిని తినును. ఆ తిన్నదంతయు పూతయొక్క ఘనతగా లెక్కకెక్కును. కావుననే 1980లో అమెరికా పరీక్షాప్రమాణముల సంఘమువా రీ పద్ధతిని నియమబద్ధము చేసినప్పుడు, పూత లేని పట్టీయొక్క గుణకము ఉపేక్షింపదగినంత స్వల్పమని ముందుగా చూచుకొనవలెనను మర్యాద నెలకొన్నది. మొదటి అనునాదపు కొలతలు అంతగా నమ్మదగినవి కావు గనుక రెండవది మొదలుకొని పైవానినే లెక్కకు గైకొనుట వాడుక. ఆ మొదటి అంకె చూచుటకు అందముగానే యుండును, ఐనను విడిచివేయవలసినదే. మన దేశమున కొన్ని కళాశాలల ప్రయోగశాలలలో, రావలసిన జవాబును ముందే తెలిసికొని, దానికి తగిన కొలతలను పుస్తకమున వ్రాసికొను ఆచారము చిరకాలముగా కలదు. అట్టి శిక్షణ పొందినవానికి ఈ వదులు బిగింపు ఎన్నడును కనబడదు. వాడు ధ్రువపఱచిన పూతను నమ్మి పని చేసిన యంత్రమువద్ద నిలుచు కూలివాని చెవులకు మాత్రము అది కనబడును.

వేడిమి సంగతి చెప్పకున్న ఈ ప్రకరణము సగమే యగును. తారు, రబ్బరు మొదలగు పదార్థములు చలియందు గాజువలె బిఱుసై, వేడియందు మెత్తని ముద్దయగును. ఆ రెండవస్థల నడుమ గల సంధియందే అవి శక్తిని విశేషముగా తినును. వేడిమి హెచ్చుటయు, కంపపు వేగము తగ్గుటయు పదార్థమునకు ఒకే విధమైన మార్పును కలిగించుననుటను లెక్కలోనికి తెచ్చు సూత్రమును 1955లో విలియమ్సు, లాండెలు, ఫెర్రీ అను మువ్వురు ప్రకటించిరి. దీనివలన కొన్ని వేడిముల వద్ద, కొన్ని పౌనఃపున్యముల వద్ద కొలిచినదానినుండి తక్కినవానిని ఊహించుటకు వీలుకలిగినది. కాని ఊహించుటకైనను మూలమున కొలతలుండవలెను. 20 డిగ్రీలవద్ద పరీక్షించి శ్రేష్ఠమని ముద్రవేసిన పూత, రోహిణికార్తెలో రెంటచింతల యెండకు కాగిన రేకుమీద అదే గుణము చూపునని తలచుట, దూరదేశపు పంచాంగమును చూచి మన యూర పొద్దు పొడుచుటను నిర్ణయించుట వంటిది. పూతను కొనువారు అంకెను మాత్రమే కాక, ఆ యంకె యే వేడిమివద్ద వచ్చినదో కూడ అడుగవలెను.

1959లో అమెరికాయందు కెర్విను, రాసు, ఉంగరు అను పరిశోధకులు పూతపై మఱియొక లోహపురేకును కప్పి, నడుమ చిక్కిన మెత్తనిపొర సాగుటకు మాఱుగా ఒరసికొని జాఱునట్లు చేసినచో, కొలది పదార్థముతోనే అధికశమనము లభించునని లెక్కలతో నిరూపించిరి. దాని కొలతయు ఇట్టి పట్టీతోనే జరుగును గనుక ఇంతకంటె విస్తరింపము.

విమానయంత్రముల టర్బైనురెక్కల విషయము మాత్రము విడువరానిది. నిప్పులు గ్రక్కు వాయువులో తిరుగు రెక్కకు తారును, రబ్బరును పూయుట కల్ల. వేడినుండి కాపాడుటకై రెక్కలకు పింగాణివంటి పదార్థమును కరగించి ప్లాస్మాజ్వాలతో చిమ్మి పూయుట అంతకుముందే వాడుకలోనికి వచ్చియుండెను. ఈ గట్టిపూతయే కంపమును కూడ అణచునను సంగతి పరిశోధకుల దృష్టి నాకర్షించినది. ఒహాయో రాష్ట్రమందలి రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరమున మెగ్నీషియము, అల్యూమినియముల ఆక్సైడగు స్పినెల్ పూతలపై ఇరువదియొకటవ శతాబ్దపు తొలినాళ్ళయందు విశేషకృషి జరిగినది. చిమ్మిన బిందువులు లోహముమీద పడి అప్పములవలె అణగి, ఒకదానిపై నొకటి పేరుకొనును. వాని నడుమ కంటికి కానరాని నెఱ్ఱెలు మిగులును. రెక్క వంగినప్పుడు ఆ నెఱ్ఱెల అంచులు ఒరసికొని శక్తిని వేడిగా మార్చును. రబ్బరు తన మెత్తదనముచేత చేయుపనిని పింగాణి తన పగుళ్ళచేత చేయుచున్నదన్నమాట.

ఇచ్చట పాత కొలతలు తడబడినవి. ఒరపిడిచేత కలుగు శమనము ఊపుయొక్క పరిమాణమునుబట్టి మాఱును. కావున గౌసు పండితుని స్థిరనిష్పత్తి యిచ్చట స్థిరము కాదు. పెద్ద ఊపుల నడుమ నొక నిష్పత్తి, చిన్న ఊపుల నడుమ వేఱొక నిష్పత్తి. శిఖరపు వెడల్పును కొలుచు మార్గమును అంతే: ఊపు హెచ్చినకొలది పూత కొంచెము మెత్తబడుటచేత శిఖరము ఒకవైపునకు ఒరిగిపోవును, ఒరిగిన శిఖరమునకు వెడల్పు కొలిచినచో వచ్చు అంకె అబద్ధము. శమనము వాడుకనుబట్టి మాఱునని థాంసను తీగలయందు చూచినది, ఇచ్చట రెక్కలయందు మఱల తలయెత్తినది.

కనుక ఈ పూతలను కొలుచువారు ఊపి విడిచి, అణగు ఊపులను ఒక్కొక్కటిగా లెక్కించు పాతపద్ధతిని మఱల చేపట్టిరి. ఒక్క అంకెకు మాఱుగా, ప్రతి సాగుదలకును ఒక అంకె చొప్పున వక్రరేఖను గీయుచున్నారు. బిగింపు దొంగను తప్పించుటకు పట్టీని బిగింపక, రెండు కొనలును స్వేచ్ఛగా విడిచి, కొనలనుండి పొడుగులో 0.224 వంతు దూరమున, అనగా మొదటి వంపుకంపమునందు కదలిక లేని రెండు స్థానములయందు మాత్రము ఆధారమిత్తురు. గాలిని తప్పించుటకు గాలి తీసివేసిన పెట్టెయందు ఊపుదురు. ముందు పూత లేని పట్టీని ఊపి దాని వక్రరేఖను గీసికొందురు. పిదప ఆ పట్టీకే పూత పూసి మఱల ఊపుదురు. ఆ రెండు రేఖల నడుమ గల యెడమునుండియే పూతయొక్క పాలును లెక్కగట్టుదురు.